గాలికుంటు వ్యాధి – కణములోని పోటీ

జనగామ మెట్టపొలములలోను, మహబూబాబాదు మిరపచేల నడుమను, భూపాలపల్లి అడవి అంచు పల్లెలలోను గాలికుంటు అను మాట ఎరుగని రైతు ఉండడు. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడును వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి. అంతకుముందు ఇవి పాత వరంగల్లు జిల్లాలోని ఊళ్ళే. జిల్లాలకు ఎల్లలు కలవు గాని పశువుల రోగములకు ఎల్లలు లేవు. ఒక అంగడిలో అంటిన రోగము కొలది దినములలో మరియొక ఊరి కొట్టమున తల చూపును. గాలివలె వచ్చి పశువును కుంటుపరచునది అని ఆ పేరే పలుకుచున్నది. ఆ పేరు పెట్టిన పెద్దలు సూక్ష్మదర్శినిలో చూచినవారు కారు. అయినను వారి చూపు తప్పలేదు. ఈ వ్యాధిబీజము పశువు ఊపిరితో వెలువడి గాలిలో కొంతదూరము పోగలదని శాస్త్రజ్ఞులు పిమ్మట నిరూపించిరి.

నేడు దుక్కి చాలవరకు ట్రాక్టరు పాలైనది. పాడి మాత్రము ఇంటిని విడువలేదు. వానలు మోసము చేసిన ఏట చేను ఇయ్యని రూపాయిని బర్రె ఇచ్చును. అట్టి బర్రెకు ఒకనాటి ఉదయమున జ్వరము వచ్చును. నోటినుండి చొల్లు తీగలుగా కారును. నాలుకమీదను, చిగుళ్ళమీదను, గిట్టల సందులలోను బొబ్బలు లేచి చిట్లి పుండ్లగును. మేత ముట్టదు, కాలు మోపదు, పాలు ఎగ్గొట్టును. పెద్ద పశువులు సాధారణముగ చావవు గాని, కోలుకొనిన వెనుకను కొన్ని పూర్వపు పాడికి రావు. ఎండకు ఓర్వలేక రొప్పుచుండును. లేగదూడలకు ఈ వ్యాధి గుండెను పట్టును. నిన్న గంతులు వేసిన దూడ నేడు హఠాత్తుగ కూలిపోవును.

ఇంత చేయుచున్న వ్యాధిబీజము ఎంతటిది? 1898లో జర్మనీ దేశమున లోఫ్లర్, ఫ్రాష్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు గాలికుంటు బొబ్బలలోని నీటిని, బాక్టీరియాలను సైతము ఆపగల సన్నని వడపోతలగుండ పోనిచ్చిరి. వడిసిన నీరు సైతము ఆరోగ్యముగల పశువునకు రోగము తెప్పించినది. జంతువులకు రోగము కలిగించు వైరసు ఉన్నదని లోకమునకు తొలుత తెలిసినది ఆ ప్రయోగము వలననే. ఆ వైరసులో నున్నదెల్ల ఒక మాంసకృత్తుల పొర, ఆ పొరలో చుట్టిన ఒకే ఒక ఆర్.ఎన్.ఏ. పోగు. ఆ పోగు సుమారు 8,400 అక్షరముల వ్రాత. పశువు కణములోని వ్రాత వందలకోట్ల అక్షరములది. ఇంత చిన్నది అంత పెద్దదానిని ఎట్లు లొంగదీయుచున్నది? నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచినది ఈ సంగతియే. ఇది ప్రయోగశాలకు మాత్రమే చెందిన ముచ్చట కాదు. టీకా వేయించుటయా మానుటయా అని కొట్టము ముందు నిలిచి ఆలోచించు గృహస్థునకు దీనిలో జవాబున్నది.

ముందుగ కణము పని చేయు తీరు చూతము. పల్లెలో కమ్మరి కొలిమి వంటిది కణములోని రైబోసోము. కమ్మరి తనంత తాను ఏ వస్తువును తలపెట్టడు. ఒకరు వచ్చి నాగటి కర్రు కావలెనన్న కర్రును, కొడవలి కావలెనన్న కొడవలిని చేసి ఇచ్చును. రైబోసోమును అట్టిదే. కణము నడుమనున్న కేంద్రకములో వంశపారంపర్యపు వ్రాత భద్రముగ నుండును. దానిలో అప్పటికి కావలసిన భాగమునకు నకలు తీసి పంపెదరు. ఆ నకలే వార్తాహర ఆర్.ఎన్.ఏ.; మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అనునది ఇదే. ఇట్టి వార్తాహరులున్నవని 1961లో తేలినది. వార్తలోని మూడేసి అక్షరములు ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు గుర్తు. ఈ గుర్తులను విప్పిన వారిలో మన దేశమున పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. 1968లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. రైబోసోము కట్టడమును అణువు అణువుగ చిత్రించినందుకు 2009లో ఆ బహుమానమును పంచుకొనిన ముగ్గురిలో చిదంబరమున పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్ ఒకరు. రైబోసోము వార్తను చదువుచు అమైనో ఆమ్లములను ఒకదాని వెంట ఒకటి కూర్చి మాంసకృత్తులను తయారుచేయును. కండయు, పాలలోని కేసీనును, రోగమును ఎదిరించు ప్రతిరక్షకములును ఈ కొలుములలో పుట్టినవే.

ఒక జంతుకణములో రైబోసోములు లక్షల కొలది యుండును. అయినను వార్తల నడుమ పోటీ తప్పదు. మృగశిర కార్తె వచ్చు వేళ కమ్మరి వాకిట గుమిగూడిన రైతులను తలచుకొనుడు. అందరికిని ఆనాడే కర్రు కావలెను. ఎవరు ముందు లోనికి పోవుదురన్నది వాకిలి వద్ద తేలును. కణములోను వాకిలియే ముఖ్యము. ప్రతి వార్తాహర ఆర్.ఎన్.ఏ. తలమీద టోపీవంటి రసాయనపు ముద్ర యొకటి యుండును. ఈ ముద్ర సంగతి 1975 ప్రాంతమున తెలియవచ్చినది. వాకిట ఆ ముద్రను గుర్తుపట్టు మాంసకృత్తు ఒకటి కలదు. శాస్త్రజ్ఞులు దానికి ఇ.ఐ.ఎఫ్. 4ఇ అని పేరు పెట్టిరి. దాని చేయి పట్టుకొని నిలిచినది ఇ.ఐ.ఎఫ్. 4జి. ఈ 4జి ఒక చేత 4ఇని, మరియొక చేత రైబోసోమును తెచ్చు పరివారమును పట్టుకొని నడుమ వంతెనవలె నిలుచును. ముద్ర చూచుట, చేయి కలుపుట, కొలిమివద్దకు తోడ్కొనిపోవుట, ఈ మూడును జరిగినగాని పని మొదలు కాదు. వార్తలు మెండు, తోడ్కొనిపోవువారు కొద్ది. కావున చురుకైన వార్తకు ముందు చోటు దొరకును. మందమైన వార్త వెనుకబడును.

ఈ పోటీకి 1974లో హార్వే లోడిష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్క కట్టెను. నెత్తురులోని హెమోగ్లోబినులో ఆల్ఫా, బీటా అను రెండు విధములైన గొలుసులున్నవి. బీటా వార్త చురుకైనది, ఆల్ఫా వార్త కొంత మందమైనది. ఆల్ఫా వార్తలు సంఖ్యలో అధికముగ నుండుటచే రెండు గొలుసులును సరిపోవుచున్నవి. కాని వాకిట రద్దీ పెరిగి పని ఆరంభించుట కష్టమైనపుడు, నష్టము అందరికి సమముగ రాదు. మందమైన వార్తకే ఎక్కువ నష్టము. కరువు వచ్చినపుడు చిన్న రైతు ముందు కూలినట్లే ఇదియును. వాకిటి పనిని ఏమాత్రము తారుమారు చేసినను కణములో ఎవరి వస్తువులు తయారగునో ఎవరివి ఆగునో మారిపోవునని దీనివలన తెలియుచున్నది. గాలికుంటు వైరసు చేయునది సరిగ ఈ తారుమారే.

వైరసు కణములో ప్రవేశించునపుడు దాని వెంట నున్నది ఒక్క ఆర్.ఎన్.ఏ. పోగు. దానికి కొలిమి లేదు, బొగ్గు లేదు, ఇనుము లేదు. దాని తలమీద టోపీ ముద్రయును లేదు. దానికి బదులు ఒక చిన్న మాంసకృత్తు అతుకుకొనియుండును. న్యాయముగ చూచిన ఇట్టి వార్తను వాకిటనే త్రిప్పి పంపవలెను. కాని ఆ పోగులో సుమారు 450 అక్షరముల భాగమొకటి తనలో తాను మడతలుపడి విచిత్రమైన ఆకారమును దాల్చును. రైబోసోము నేరుగ అక్కడికే వచ్చి కూర్చుండును. అనగా ఇది వాకిలి అక్కరలేని దొడ్డిదారి. ఈ కుటుంబపు వైరసులలో ఇట్టి దారి యున్నదని 1988లో రెండు పరిశోధక బృందములు వేరువేరుగ కనుగొన్నవి. ఒకరు పోలియో వైరసులోను, మరియొకరు ఎలుకలను బాధించు వైరసు నొకదానిలోను దీనిని చూచిరి. గాలికుంటు వైరసులోను ఇట్టిదే కలదు.

దొడ్డిదారి ఉన్నంతమాత్రమున పోటీలో గెలుపు రాదు. వాకిట కణపు వార్తలు వేలకొలది నిలిచియుండగా ఒంటరి వార్తకు ఎన్ని కొలుములు దక్కును? అందుచేత వైరసు రెండవ ఎత్తు వేయును. దాని వార్తనుండి సుమారు 2,300 అమైనో ఆమ్లముల పొడవైన గొలుసు ఒకటి తయారగును. ఆ గొలుసుకు మొదటనున్న తునక ఒక కత్తెర. దాని పేరు లీడర్ ప్రోటియేజు. అది ముందుగ గొలుసునుండి తన్ను తాను కత్తిరించుకొని బయటపడును. వెంటనే పోయి 4జిని రెండు ముక్కలు చేయును. ముద్రను గుర్తుపట్టు 4ఇ ఒక ముక్కతో నిలిచిపోవును. కొలిమి పరివారమును పట్టుకొనిన ముక్క విడిపోవును. వంతెన తెగినది. ఇక టోపీ ధరించి వచ్చిన కణపు వార్తలకు దారి చూపువారు లేరు. కాని విడిపోయిన రెండవ ముక్క ఊరక యుండదు. దొడ్డిదారిన వచ్చిన వైరసు వార్తకు అది చక్కగ పనికివచ్చును. కమ్మరి చెడలేదు, కొలిమి ఆరలేదు, ఇనుము తరగలేదు. వాకిటివాని చేయి మాత్రమే తెగినది. మొదటి కొలది గంటలలోనే కణము తన వస్తువులను తాను చేసికొనుట చాలవరకు ఆగిపోయి, వైరసు వస్తువులే తయారగుచుండును. తెగిన 4జికి బదులు క్రొత్తది చేసికొనవలెనన్నను ఆ కొలిమియే కావలెను గదా!

వైరసుకు ఇందువలన రెండు లాభములు. పనిముట్లు దక్కుట మొదటిది. రెండవది అంతకంటె పెద్దది. శత్రువు లోన ప్రవేశించినట్లు తెలిసినంతనే కణము ఇంటర్ఫెరాన్ అను మాంసకృత్తును తయారుచేసి బయటికి పంపును. ఊరిలో దొంగలు పడినపుడు దండోరా వేయుట వంటిది ఇది. ఇరుగుపొరుగు కణములు ఆ దండోరా విని తలుపులు బిగించుకొనును. కాని ఇంటర్ఫెరాన్ వార్తయును టోపీ ధరించినదే. వాకిలి మూసిన పిమ్మట దండోరా ఎవరు వేయుదురు? కణము కూడ చేతులు ముడుచుకొని కూర్చుండదు. వైరసు ఆర్.ఎన్.ఏ. పోగులు జంటలుగ కనబడినంతనే మేల్కొను కావలి యొకటి కణములో నున్నది. అది ఇ.ఐ.ఎఫ్. 2 అను మరియొక సహాయకుని బంధించి కొలిమినంతటిని ఆపివేయ చూచును. తనకు కూడు లేకున్నను సరే, దొంగకు దక్కరాదని చేయు పని ఇది. ఇద్దరిలో ఎవరు ముందన్నదే జయాపజయములను తేల్చును.

ఇది ఊహ కాదనుటకు మంచి నిదర్శనమున్నది. అమెరికాలోని ప్లమ్ ఐలండ్ ప్రయోగశాలవారు 1990 తరువాతి యేండ్లలో ఆ కత్తెరను తొలగించిన గాలికుంటు వైరసును నిర్మించిరి. ప్రయోగశాలలోని కొన్ని కణములలో అది పెరుగుచునే యుండెను. పశువులకు ఇచ్చి చూడగా అది సోకిన చోటనే ఆగిపోయినది. ఒళ్ళంతయు వ్యాపించి రోగము తేలేదు. అది పెరిగిన కణములు ఇంటర్ఫెరానును తయారుచేసి దండోరా వేయగలిగినవని 1999లో వారే ప్రకటించిరి. ఒక్క కత్తెర పోయినందున భయంకరమైన వైరసు సాధువైనది. వాకిటి పోటీయే గాలికుంటునకు ఆయువుపట్టు అని ఇంతకంటె స్పష్టముగ చెప్పుట కష్టము.

ఒక్కొక్క వైరసు ఈ పోటీలో ఒక్కొక్క మార్గము త్రొక్కును. పోలియో వైరసు గాలికుంటుకు దాయాది. అదియును వేరొక కత్తెరతో 4జినే నరకును. ఇన్‌ఫ్లుయెంజా వైరసు కణపు వార్తల టోపీలను తెగనరికి తన వార్తలకు తొడుగును. 2019 చివరలో బయలుదేరిన కరోనా వైరసు చేయు మాంసకృత్తు ఒకటి రైబోసోములో వార్త దూరు సందునకే బిరడా బిగించునని 2020లో కనుగొనిరి. తన వార్తలకు మాత్రము మొదట ఒక గుర్తు తగిలించి దారి విడిపించుకొనును. అదే జబ్బునకు మనుష్యుడు చేసిన ఒక టీకా, ఈ విద్యనే మంచికి త్రిప్పినది. టోపీ తొడిగిన వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను చేసి దేహములోనికి పంపగా, కణము దానిని తన వార్తగ భావించి టీకా మాంసకృత్తును తయారుచేసెను. అట్టి వార్తను కణము శత్రువని తలపకుండ చేయు మార్గము చూపిన కతలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెలు బహుమానము లభించినది.

ఇక కొట్టమునకు వత్తము. ఈ కథనుండి గృహస్థుడు గ్రహింపవలసిన మొదటి సంగతి కాలము. వైరసు గంటలలో గెలుచును. దేహములోని వేరు కణములు ప్రతిరక్షకములను చేయునన్న మాట నిజమే గాని, అవి తగినంత తయారగుటకు దినములు పట్టును. అంతలో నాలుక పుండగును, గిట్ట చిట్లును, పాలు పోవును. పుండ్లు కడిగి వేరు సూక్ష్మజీవులు చేరకుండ మందు వేయుట అవసరమే. వైరసును మాత్రము ఆ మందులు చంపవు. కావున ప్రతిరక్షకములు వైరసుకంటె ముందే నెత్తురులో సిద్ధముగ నుండవలెను. వైరసును వాకిలిదాక రానీయక ఊరి పొలిమేరలోనే పట్టుకొనుట ఒక్కటే మార్గము. టీకా చేయు పని అదియే.

రెండవ సంగతి భయము. టీకా వేయించిన రోగము వచ్చునని కొందరి అనుమానము. ఈ టీకాలోని వైరసు చంపబడినది. దానిని చంపుటకు వాడు రసాయనము ముఖ్యముగ ఆర్.ఎన్.ఏ. వ్రాతనే పాడుచేయును, పైపొర ఆకారము మాత్రము నిలుచును. వ్రాత చెడిన వైరసు ఏ కొలిమిలోను ఏ వస్తువును చేయించుకొనలేదు. దాని ముఖమును చూచి దేహము నేర్చుకొనునే గాని దానిచే దెబ్బతినదు. సూది పడిన చోట కొంత వాపు, ఒకటి రెండు దినములు పాలు తగ్గుట కలుగవచ్చును. ఆ రెండు దినముల పాలను చూచి, వచ్చు ఈత పాలను పందెము ఒడ్డుట తెలివి కాదు. నిండు చూలుతోనున్న పశువు విషయమున మాత్రము పశువైద్యుని అడిగి నడుచుకొనవలెను.

మూడవ సంగతి మరల మరల వేయించుట. పూర్వము ముసర వ్యాధి మన పశువులను ఊళ్ళకు ఊళ్ళుగ తుడిచిపెట్టెడిది. అది 1995 తరువాత మన దేశమున కనబడలేదు. 2011లో ప్రపంచమంతట నశించినదని ప్రకటించిరి. ఆ వైరసు ఒకే రకము, ఒక్క టీకా ఏండ్ల తరబడి కాచెను. గాలికుంటునకు ఏడు రకములున్నవి. అందొకటి 2004 తరువాత ఎక్కడను కనబడలేదు. మన దేశమున తిరుగునవి ఓ, ఏ, ఏషియా-1 అను మూడు. ఒక రకమునకు వచ్చిన రక్షణ మరియొక రకమునకు పనికిరాదు. చంపిన టీకా రక్షణ కొలది నెలలలో తగ్గును. అందుచేతనే మూడు రకములను కలిపిన టీకాను ఆరు నెలలకొకసారి వేయవలసి వచ్చుచున్నది. దూడకు నాలుగు నెలలు నిండిన వెనుక మొదటిది, మరి నెలకు రెండవది, పిమ్మట అందరితో పాటు. 2019 సెప్టెంబరులో ఆరంభమైన జాతీయ పశువ్యాధుల నివారణ కార్యక్రమము క్రింద ఈ టీకాను ఉచితముగ వేయుచున్నారు. 2030 నాటికి వ్యాధిని నిర్మూలింపవలెనని దాని లక్ష్యము. ఈ టీకాను పెద్దయెత్తున తయారుచేయు సంస్థలలో ఒకటి మన హైదరాబాదులోనే యున్నది. అది 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్.

నాలుగవది ఊరుమ్మడి మాట. పది కొట్టములలో తొమ్మిది టీకా వేయించుకొని ఒకటి మానిన, ఆ ఒక్క కొట్టము వైరసుకు కొలిమి యగును. అక్కడ తయారైన కోట్ల వైరసులు గాలిలోను, కుడితి తొట్టిలోను, మనుష్యుల చెప్పులమీదను ఊరంతయు తిరుగును. గొల్ల కురుమల గొర్రెలు, మేకలు పైకి అంతగ రోగము చూపకయే దానిని మోయగలవు. వాని సంగతియు మరువరాదు. రోగము కనబడిన పశువును వేరు చేయవలెను, ఊరి తొట్టివద్దకు, అంగడికి, జాతరకు తోలరాదు, ఎడ్లబండికి కట్టరాదు. పశువైద్యశాలకు ఆనాడే కబురు పంపవలెను. దాచిన రోగము పొరుగువాని దూడ ప్రాణము తీయును.

పోలియోను తలచుకొనుడు. ఆ దాయాది వైరసు దొడ్డిదారి మూయుటకు మందు దొరకలేదు. కత్తెరను మొద్దుచేయు మందును మన పిల్లలకు అందలేదు. అయినను 2011 జనవరి తరువాత మన దేశమున సహజ పోలియో సోకిన బిడ్డ లేడు. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేనిదిగ గుర్తింపు పొందినది. ఇల్లిల్లు తిరిగి వేసిన రెండు చుక్కలే ఆ పని చేసినవి. కణము వాకిట జరుగు పోటీలో మనము చేయి చేసికొనలేము. ఆ పోటీయే మొదలు కాకుండ చూచుట మన చేతిలో నున్నది. టీకా వేయువారు ఊరికి వచ్చిన దినమున పశువును మేతకు తోలక కట్టివేసి యుంచుడు.